లేని దూలం

"ఆ టూరిస్టుగాడు ఓడెక్కేశాడు. పాప కూడా ఓడలోనే ఉంది. ఇంకా ఈ ఇంట్లో ఏం వెతుకుతారు మేడమ్?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ పెస్తానా.

టైము రెండూ ఇరవై. ఓడ ఐదింటికి లిస్బన్ వదిలి వెళ్ళిపోతుంది. ఆ ఐదింటికే ఇదలీనా మేజిస్ట్రేటు ముందు నిలబడి వాంగ్మూలం ఇవ్వాలి.

ఇదలీనా కూతురు జసింత. ఆరేళ్ళది. పొద్దున్న నుంచి కనిపించడం లేదు. అదే సమయానికి పై గదిలో దిగిన ఒక టూరిస్టు పెద్ద సూట్‌కేసుతో వెళ్ళిపోయాడు, పిల్లని అందులో పెట్టుకుని ఐదింటి ఓడ ఎక్కాడని పోలీసుల లెక్క. పిల్ల బదులు కుట్టుమిషను మీద ఒక కాగితం దొరికింది. మెషీన్లో ప్రింటు తీసిన రెండే వాక్యాలు.

"నువ్వేమీ చూడలేదని చెప్పు. ఐదు దాటాక పాప ఇంటికొస్తుంది."

ఇదలీనా ఏం చూసిందో మా పాతపేట అల్ఫామాలో అందరికీ తెలుసు. పది రోజుల కిందట పక్కింటికి నిప్పంటుకుని ముసలి అమదేవు మంటల్లో పోయాడు. ఆ మంట లేవడానికి ఐదు నిమిషాల ముందు ఆ ఇంటి వెనక తలుపులోంచి బ్రోకర్ నొరోన్యా బయటికి రావడం ఇదలీనా కిటికీలోంచి చూసింది. పాత కాపురాలు ఖాళీ చేయించి ఇళ్ళని టూరిస్టు గదులుగా మార్చడం అతని పని. రెండు రోజులుగా లాకప్పులో ఉన్నాడు. రేపు పునీత అంతోనివారి పండగ, కోర్టుకి సెలవు. ఇవాళ ఐదింటికి ఇదలీనా నోరు విప్పకపోతే అతను దర్జాగా ఇంటికెళ్ళి సార్డీన్ చేపలు కాల్చుకు తింటాడు.

పెస్తానా వచ్చింది ఆ వాంగ్మూలం కోసం. ఇదలీనా నన్ను పిలిచింది పాప కోసం. నేను, ఫ్లోరిండా వరేలా, పంతొమ్మిదేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి, ఏడేళ్ళుగా సొంతంగా డిటెక్టివ్ పని చేసుకుంటున్నాను. ఈ వీధికి మూడు సందుల అవతల పుట్టాను. పెస్తానా ఒకప్పుడు నా కింద పనిచేశాడు. ఇప్పుడు నా కుర్చీలో కూర్చుంటున్నాడు. ఆ సంగతి నాకు గుర్తుచెయ్యకపోతే అతనికి తిన్నది అరగదు.

"ఇంకోసారి చెప్పు ఇదలీనా" అన్నాను.

"ఎన్నిసార్లు చెప్పాలక్కా!" గట్టిగా అరిచి, వెంటనే నా చెయ్యి పట్టుకుంది. చేతినిండా సూది పోట్లు. ఇవాళ రాత్రి పండగ ఊరేగింపులో మా పేట పిల్లలు వేసుకునే బట్టలన్నీ ఆమే కుట్టింది. "పదీ పదికి కిందికి దిగాను. పేట క్లబ్బులో పిల్లల గౌన్లు సరిచెయ్యాలి. అరగంటలో వస్తానన్నాను. అది మంచం మీద కూర్చుని బొమ్మకి జడ వేస్తోంది. పదీ నలభైకి వచ్చాను. లేదు."

"తలుపు?"

"గొళ్ళెం మాత్రమే. మనలో తాళం ఎవరేస్తారక్కా?"

"అరుపులు?"

"ఒక్కరూ వినలేదట."

అదే నాకు మింగుడు పడలేదు. జసింత నోరు నాకు తెలుసు. పంటిడాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంటే ఆ పిల్ల ఏడుపు నది దాకా వినిపించింది.

ఫోన్ మోగింది. ఇదలీనా ఎగిరిపడి తీసింది. "ఇలీదియో అన్నా!" మాట వినగానే ఏడుపు ముంచుకొచ్చింది. "లేదన్నా, ఇంకా ఏమీ తెలీలేదు. అక్కడేమన్నా కనిపించిందా?"

ఇలీదియో జసింతకి జ్ఞానతండ్రి, బాప్తిస్మంలో పిల్ల బాధ్యత తీసుకున్నవాడు; పిల్ల అతన్ని పెదనాన్నా అంటుంది. పిల్లకి తండ్రి లేడు, ఆ లోటు తెలీకుండా పెంచినవాడు ఇతనే. సంగతి తెలియగానే నది అవతల నుంచి పరుగెత్తుకొచ్చాడట. ఓడరేవు గేటు దగ్గర నిలబడి లోపలికెళ్ళే ప్రతి సూట్‌కేసూ చూస్తున్నాడట. అరగంటకోసారి ఫోన్ చేసి ధైర్యం చెబుతున్నాడు. దేవుడు కొందరికైనా మంచివాళ్ళని ఇస్తాడు అనుకున్నాను.

ఎదురింటి కిటికీలో సెలెస్తీనా పిన్ని ఉంది. ఎప్పుడూ ఉంటుంది. ఆ కిటికీకి ఆమె ఎముకలు అతుక్కుపోయాయని మేము నవ్వుకుంటాం. సందు ఎంత ఇరుకంటే, ఇదలీనా కిటికీలోంచి చెయ్యి చాపితే ఆమెకి ఉప్పు అందించొచ్చు. కిటికీ దగ్గరే నిలబడి అడిగాను.

"పిన్నీ, ఆ టూరిస్టుని చూశావా?"

"చూశాను. టోపీ. నల్లకళ్ళద్దాలు. పువ్వుల చొక్కా."

"మొహం?"

"టూరిస్టు మొహం ఎవరు చూస్తారే? రోజుకి మూడొందల మంది. చూస్తే చేతిలో కెమెరా పెట్టి ఫొటో తియ్యమంటారు. అందుకే తల తిప్పేసుకుంటాం."

"సూట్‌కేసు?"

"పెద్దది. కానీ చక్రాల మోత లేదు. వచ్చేటప్పుడూ లేదు, వెళ్ళేటప్పుడూ లేదు. మిగతా వాళ్ళు మెట్ల మీద దడదడలాడిస్తూ మా పుర్రెలు పగలగొడతారుగా. ఇతను చేత్తో మోశాడు. వెళ్ళేటప్పుడు రెండు చేతుల్తో గుండెకి ఆనించుకుని దిగాడు. గాజుగ్లాసుల పళ్ళెం మోసినట్టు."

పెస్తానా నవ్వాడు. "లోపల పిల్ల ఉంటే మరి దడదడలాడిస్తాడా? మేడమ్, ఇది మాకు ఉదయమే తెలుసు."

"వచ్చేటప్పుడు ఖాళీ పెట్టె కదా. అప్పుడెందుకు మోశాడు?"

అతను వాచీ చూసుకున్నాడు.

మూడో అంతస్తులోని టూరిస్టు గదికి వెళ్ళాం. నిన్న సాయంత్రం ఎవరో విదేశీ పేరుతో తీసుకున్న గది. పాస్‌పోర్టు కాపీ దొంగది. దుప్పటి మడత చెదరలేదు. సబ్బు కాగితం విప్పలేదు. బేసిన్ పొడిగా ఉంది. బల్లమీద ఇంటివాళ్ళు పెట్టిన చాక్లెట్లు రెండూ అలాగే ఉన్నాయి. వేలిముద్రలు తలుపు పిడి మీద కూడా లేవని పెస్తానా మనుషులు తేల్చారు.

"చూశారా, ముద్రలు తుడిచేశాడు. చెయ్యి తిరిగినవాడు" అన్నాడు పెస్తానా.

"తుడవలేదయ్యా. అసలీ గదిలోకే రాలేదు. గది తీసుకున్నది పడుకోవడానికి కాదు, మనం టూరిస్టు కోసం వెతకడానికి. నువ్వు వెతుకుతున్నావు. ఎంతమందిని పెట్టావు ఓడమీద?"

"నలభైమందిని."

"ఈ వీధుల్లో?"

పెస్తానా తలుపు వైపు నడిచాడు. టైము మూడైంది.

ఇదలీనా ఇంట్లోనే ల్యాప్‌టాప్ పెట్టి వీడియో చూపించాడు. టూరిస్టు గదుల వాళ్ళు వీధి తలుపు లోపల, పైన బిగించిన కెమెరా అది. లోపలి నడవా, మెట్ల మొదలు కనిపిస్తాయి. నడవాలో గూట్లో ఇదలీనా పెట్టిన మంజెరికో కుండీ. పండక్కి ఇంటింటా పెట్టే సన్నాకు తులసి, బంతిలా గుండ్రంగా గుబురుగా ఉంటుంది, పైన కాగితం పువ్వు గుచ్చి ఉంటుంది.

పదీ పన్నెండుకి అతను లోపలికొచ్చాడు. పదీ ముప్ఫై ఒకటికి బయటికెళ్ళాడు. టోపీ అంచు కింద గడ్డం తప్ప ఏమీ కనిపించలేదు. పది సార్లు తిప్పి తిప్పి చూశాను. ఇదలీనా నా వెనక నిలబడి నా భుజంలోకి గోళ్ళు దించుతోంది.

పదకొండోసారి మొహం చూడ్డం మానేసి చేతులు చూశాను.

"ఆపు. కొంచెం వెనక్కి. అక్కడ!"

అతను కుండీ పక్కనుంచి వెళ్తూ సూట్‌కేసు ఎడమచేతిలోకి మార్చుకున్నాడు. కుడి అరచెయ్యి ఆ ఆకుల మీద అలా ఆనించి తీశాడు. తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కుండీ వైపు చూడను కూడా చూడలేదు. మొత్తం రెండు సెకన్లు.

"మొక్క వాసన చూశాడు. అయితే ఏంటట?" అన్నాడు పెస్తానా.

"టూరిస్టులు ఎలా చూస్తారో చూడు. తొమ్మిదీ యాభైకి తిప్పు."

తొమ్మిదీ యాభైకి మూడో అంతస్తులోంచి నలుగురు దిగారు. ఒకరి తర్వాత ఒకరు వంగి, కుండీలోకి ముక్కు దూర్చి, ఆహా ఓహో అనుకుంటూ పోయారు.

"మాలో దాని మీద ముక్కు పెట్టరు. పెడితే వాడిపోతుందని నమ్మకం. చేత్తో తాకి, చేతిని వాసన చూస్తాం. పాలు తాగే పిల్లల దగ్గర్నుంచి నేర్పుతాం."

"ఆ ముక్క ఏ గైడో చెప్పి ఉంటాడు. అది కూడా సాక్ష్యమేనా మేడమ్?"

"గైడు చెబితే కుండీ ముందు ఆగి, నవ్వుకుని, ఫొటో తీసుకుని మరీ చేస్తాడు. పిల్లని ఎత్తుకుపోవడానికి వచ్చినవాడు, గుండె గొంతులో కొట్టుకుంటుంటే, తెలీకుండా చేశాడు. మనసు వేరేచోట ఉన్నప్పుడు చెయ్యి తనకి అలవాటైన పని చేసుకుపోతుంది. వీడు టూరిస్టు కాదు. అల్ఫామా మనిషి. ఖాళీ పెట్టెని కూడా దడదడలాడించకుండా మోసింది అందుకే. మా వీధిలో ఎవరూ మొహం చూడని వేషం ఒకటే ఉంది, అది వేసుకొచ్చాడు. నీ నలభైమందినీ ఓడ దింపు!"

"ఒక మొక్కని తాకాడని నేను ఓడ వదిలేస్తే నా ఉద్యోగం ఊడుతుంది."

"ఉద్యోగం ఊడటం అంత కష్టమేం కాదు. నన్ను చూడు, బతికే ఉన్నాను."

అతని మొహం ఎర్రబడింది. నాకు గెలిచానన్న సంతోషం వేసింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, వేసింది. అది మూడు సెకన్లు కూడా నిలవలేదు.

"అక్కా" అంది ఇదలీనా వెనక నుంచి. గొంతు చాలా నెమ్మదిగా వచ్చింది. "మన పేట మనిషైతే జసింతకి తెలిసినవాడే కదా?"

ఆమె నా భుజం వదిలి ముందుకొచ్చింది.

"అందుకే అరవలేదు. తెలిసినవాడు రమ్మంటే నవ్వుకుంటూ వెళ్ళిపోయి ఉంటుంది. తెలిసినవాడైతే రేపు అది నలుగురిలో పేరు చెబుతుంది కదక్కా. మరి ఐదు దాటాక వాడు దాన్ని ఎలా వదిలిపెడతాడు?"

నేను అబద్ధం చెప్పాల్సింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎందరు తల్లులకి ఎన్ని అబద్ధాలు చెప్పానో. ఈసారి ఒక్కటీ నోటికి రాలేదు. పొద్దున్నుంచీ ఆమెని నిలబెట్టింది ఆ కాగితంలోని రెండో వాక్యమే. నోరు మూసుకుంటే చాలు, పిల్ల వచ్చేస్తుంది. ఆ ఆధారాన్ని నా చేత్తో నేనే లాగేశాను.

"అందుకే వాంగ్మూలం ఇవ్వమ్మా" పెస్తానా అందుకున్నాడు. "నోరు మూసుకున్నా వాడు వదలడంటే ఇక దాచి లాభం ఏముంది? నాలుగున్నరకి కారు పెడతాను."

"నువ్వు మనిషివేనా?" అన్నాను.

"ఒక ముసలాయన్ని తగలబెట్టినవాణ్ణి పండగపూట ఇంటికి పంపమంటున్న మీరు మనుషులా మేడమ్?"

అతను చెప్పింది తప్పు కాదు, అదే కంపరం పుట్టించింది. ఇద్దరం అరుచుకున్నాం. పాత లెక్కలన్నీ బయటికి తీశాం. ఆ గొడవలో ఇదలీనా ఎప్పుడు ఫోన్ తీసుకుని మెట్ల మీదికి వెళ్ళిందో, ఎప్పుడు తిరిగొచ్చిందో నేను గమనించలేదు. నిజం చెప్పాలంటే గమనించాను. పట్టించుకోలేదు.

మూడూ యాభై రెండుకి కింద నడవాలో ఏదో చప్పుడైంది. పిల్ల చెప్పుల చప్పుడులాంటిది.

"జసింతా!"

ఇదలీనా మెట్ల మీద పడుతూ లేస్తూ పరుగెత్తింది. వెనకే నేను, నా వెనక పెస్తానా. ఇదలీనా పొడగరి, నాకంటే జానెడు ఎత్తు. చివరి మెట్టు దిగి నడవాలోకి అడుగుపెట్టేముందు చటుక్కున తల వంచింది. వంచి, లేపి, మళ్ళీ పరుగు.

వచ్చింది జసింత కాదు. సెలెస్తీనా పిన్ని. ఒక చేతిలో సూపు గిన్నె. ఇదలీనా ఆమె మీద దాదాపు పడి, నేలమీద కూలబడింది.

నేను చివరి మెట్టు మీద నిలబడిపోయాను. పైకి చూశాను. నున్నగా సున్నం కొట్టిన కప్పు. తల తగలడానికి అక్కడ ఏమీ లేదు.

"ఇదలీనా, ఇక్కడ తల ఎందుకు వంచావు?"

పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "ఏంటక్కా?"

"ఇప్పుడే. ఇక్కడ. తల వంచావు."

"ఏమో. అలవాటు. ఇక్కడ దూలం ఉండేదిగా. టూరిస్టుల తలలు పగులుతున్నాయని రెండేళ్ళ కిందట కోసేశారు. నాకింకా ఉన్నట్టే ఉంటుంది."

నేను మళ్ళీ పైకి పరుగెత్తాను. యాభై ఆరేళ్ళ మోకాళ్ళు. ల్యాప్‌టాప్ ముందు పడ్డాను. పదీ పన్నెండు. కుండీ, చెయ్యి, ముక్కు. అక్కణ్ణుంచి మూడడుగులు. మెట్ల మొదటికి చేరాడు. పువ్వుల చొక్కా మనిషి టోపీ మీద చెయ్యి పెట్టుకుని, లేని దూలం కింద తల వంచాడు.

పెస్తానా నా భుజం మీదుగా చూశాడు. తనే వెనక్కి తిప్పి మళ్ళీ చూశాడు. తర్వాత ఆ నలుగురు టూరిస్టులని చూశాడు. పొడుగువాళ్ళే, ఒక్కరూ వంచలేదు.

"ఈ ఇంట్లో కాపురం ఉన్నవాడు" అన్నాడు మెల్లగా.

"దూలం కొయ్యకముందు ఉండి, తర్వాత ఇక్కడికి పెద్దగా రానివాడు. రోజూ వచ్చేవాడైతే మానేసేవాడు. లేదా ఇదలీనాలా ఒంట్లో ఇంకిపోయినంతగా ఉన్నవాడు. ఏదైనా ఇంటి మనిషే."

కిందికి దిగాం. సెలెస్తీనా ఇదలీనా నోటికి సూపు పెట్టబోతోంది.

"పిన్నీ, ఖాళీ చేయించకముందు ఈ ఇంట్లో ఉన్న మగాళ్ళెవరు? పొడుగ్గా ఉండేవాళ్ళు. అందరినీ చెప్పు."

"అందరినీనా? ఎంతమందే, ముగ్గురు. అమదేవు, ఇక్కణ్ణుంచి వెళ్ళగొడితే పక్కింట్లో చేరాడు, అక్కడే కాలిపోయాడు పాపం. దర్జీ గెడెస్, కాళ్ళు పడిపోయి కూతురి దగ్గర మంచంలో ఉన్నాడు. ఇంకొకడు మన ఇలీదియో. మెట్లెక్కగానే మొదటి గదిలో. ఖాళీ చేసిన రోజు ఆ గుమ్మం పట్టుకుని చంటిపిల్లాడిలా ఏడ్చాడు. మర్చిపోయావా?"

నేను మర్చిపోలేదు. చూడనేలేదు. ఆ ఏడాది నేను వేరే పేటలో వేరేవాళ్ళ ఏడుపులు చూస్తున్నాను.

"కాదు" అంది ఇదలీనా. "కాదక్కా. ఇలీదియో అన్న కాదు. దానికి నడక నేర్పింది అతనే."

"ఓడరేవు గేటు దగ్గర నిలబడ్డాడా అతను?" పెస్తానాని అడిగాను. అతను అప్పటికే ఫోన్‌లో తన మనుషులతో మాట్లాడుతున్నాడు. తల అడ్డంగా ఊపాడు. ఆ పోలికల మనిషిని పొద్దున్నుంచీ గేటు దగ్గర ఎవరూ చూడలేదు.

ఇదలీనా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. వేళ్ళ మధ్యనుంచి మాట బయటికొచ్చింది.

"అక్కా, ఇందాక ఫోన్ చేశాను. మీరిద్దరూ అరుచుకుంటుంటే. నాకు ఇంకెవరున్నారు చెప్పుకోవడానికి? ఫ్లోరిండా అక్క కనిపెట్టింది, వాడు మన పేటవాడే, మంజెరికో మీద చెయ్యేసి దొరికిపోయాడు అని అంతా చెప్పేశాను."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. సరే అన్నాడు."

నాలుగూ ఐదు. ఆమె ఫోన్ తీసుకుని నేనే కలిపి, స్పీకర్ పెట్టాను. పెస్తానా దగ్గరికొచ్చి ఊపిరి బిగబట్టాడు. నాలుగుసార్లు మోగాక ఎత్తాడు.

"ఇదలీనా?"

"నేను ఫ్లోరిండాని."

ఊరంతా పండగ పాటలు మోగుతుంటే అతని వెనక ఒక్క పాట కూడా వినిపించలేదు.

"కుండీ సంగతి ఇదలీనా చెప్పింది" అన్నాడు. అలసిపోయిన గొంతు. "నువ్వు మొదట్నుంచీ తెలివైనదానివే. పక్కన పోలీసున్నాడా?"

"లేడు."

"నా గది నాకు తిరిగిస్తానన్నాడు నొరోన్యా. అంతే అడిగాను ఫ్లోరిండా. నా గది. అమదేవు జోలికి నేను వెళ్ళలేదు. ఒక్క రోజు పిల్లని దాచమని లాకప్పు నుంచి కబురు పంపాడు, అంతే."

"పాప ఎలా ఉంది?"

"ఆడుకుంటోంది. దాగుడుమూతలని చెప్పాను. అమ్మకి కనిపించకుండా సాయంత్రం దాకా దాక్కుంటే ఊరేగింపులో అందరికంటే ముందు నడిపిస్తానన్నాను. దానికేమీ తెలీదు. ఐదున్నరకి నేనే ఎత్తుకొచ్చి, ఓడరేవులో దొరికిందని ఇదలీనా చేతుల్లో పెట్టేవాణ్ణి. అది ఆట అనుకునేది. ఇదలీనా నా చేతులు ముద్దు పెట్టుకునేది. ఎవరికీ ఏమీ అయ్యేది కాదు."

తెలిసినవాడు వదిలిపెట్టడని ఆ తల్లి అనుకునేలా చేసింది నేనే. వదిలిపెట్టాలని కూర్చున్నవాడికి దారి మూసిందీ నేనే.

"ఇప్పుడేం చెయ్యమంటావు?" అన్నాడు. బెదిరింపు కాదది. నిజంగానే అడిగాడు.

అతని వెనక, దూరంగా, తలుపుకి అవతల నుంచి పలచటి గొంతు వచ్చింది.

"పెదనాన్నా, ఇప్పుడు బయటికి రావచ్చా?"

ఇదలీనా నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. ఏడవలేదు. వణకలేదు కూడా. అన్నని అన్నం తినడానికి పిలిచినంత మామూలుగా మాట్లాడింది.

"ఇలీదియో అన్నా, నేనేమీ చూడలేదు. నొరోన్యాని చూడలేదు. నిప్పు చూడలేదు. నిన్ను కూడా చూడలేదు. మేజిస్ట్రేటుకి అదే చెబుతాను, దేవుడి ముందు కూడా అదే చెబుతాను. పాపని తీసుకురా అన్నా."

అతను ఆమెని ఓదారుస్తున్నట్టుగా అన్నాడు.

"నువ్వు చూడలేదమ్మా. నాకు తెలుసు. కానీ ఫ్లోరిండా చూసింది కదా."

ఫోన్ పెట్టేశాడు.